పసుపు కోటు

నా తెల్ల కోటు ఇక తెల్లబడదు. పెళ్లికూతుర్ని చేసినట్టుందని ల్యాబ్‌లో ఒకటే నవ్వులు.

దుగ్గిరాలలో కొన్న పసుపు కొమ్ములు దంచి, జల్లించి, 100 గ్రాములు సాక్స్‌లెట్‌లో పెట్టాను, అంటే ద్రావణిని మళ్లీ మళ్లీ పోసి సారం లాగే గాజు పరికరంలో. ముందు హెక్సేన్‌తో నూనె లాగేయాలి, తర్వాత అసిటోన్. నాకు కావాల్సింది పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్, అది నీళ్లలో దాదాపు కరగదు కదా. అక్కడిదాకా బాగానే ఉంది.

అసలు కష్టం కాలమ్ దగ్గర. కర్కుమిన్ ఒంటరిగా రాదు, డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ అని ఇద్దరు చెల్లెళ్లను వెంటేసుకొస్తుంది. సిలికా జెల్ నింపిన గాజు గొట్టంలో క్లోరోఫామ్, మిథనాల్ పోస్తుంటే ముగ్గురూ విడివిడిగా దిగాలి. మొదటిసారి నేను టీకి వెళ్లొచ్చేసరికి కాలమ్ ఎండిపోయి నిలువునా పగిలింది. మూడు రోజుల పని! గుంటూరు ఎండని తిట్టుకున్నాను గానీ, తప్పు నాదే.

1815లోనే వోగెల్, పెల్లెటియే అనే రసాయన శాస్త్రవేత్తలు పసుపు నుంచి ఈ రంగు పదార్థాన్ని తీశారు. శుద్ధమైనది కాదు లెండి. నాకదే కాస్త ఓదార్పు.

రెండోసారి స్టూలు దిగలేదు. ఏది ఏదో చుక్కలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద మూడు చుక్కలు, పైది కర్కుమిన్. కాలమ్ కింద పట్టిన చిన్న గొట్టాల్లో కర్కుమిన్ ఉన్నవి మాత్రమే కలిపి ఆరబెడితే నారింజరంగు స్ఫటికాలు. గ్రాము కూడా లేవు. 182 డిగ్రీల దగ్గర కరిగాయి, పుస్తకంలో 183.

రాత్రి అమ్మమ్మకి సీసా ఫోటో పంపాను. వాయిస్ మెసేజ్ వచ్చింది: "అంత పసుపు పోసి ఇంతేనా తీసింది? నలుగుకి కూడా చాలదు కదే!"