బోర్డు చూడకముందే ధర కట్టడం

రాత్రి రేసులు జరిగే రోజున ఎనిమిదో తొమ్మిదో రేసులు, ఒక్కో రేసులో పది పన్నెండు గుర్రాలు, మొత్తం మీద వంద గుర్రాల వివరాలు రేస్‌కార్డులో బారులు తీరి ఉంటాయి. వందనూ ఒకే శ్రద్ధతో చదవడం ఎవరి వల్లా కాదు. చదివామని చెప్పేవారు గుర్రాల పేర్ల మీదా జాకీల పేర్ల మీదా కళ్లు పరిగెత్తించి ఉంటారు. అందుచేత కార్డు చేతికి రాగానే నేను చేసే మొదటి పని రేసులను కొట్టివేయడం. తొలిసారి పరుగెత్తే గుర్రాలు ఎక్కువగా ఉన్న రేసును వదిలేస్తాను, ఎందుకంటే అక్కడ చదవడానికి ఏమీ ఉండదు, ట్రైనర్‌కు తెలిసినది మనకు తెలిసే మార్గమూ ఉండదు. సగం గుర్రాలు ఎన్నడూ పరుగెత్తని దూరానికి మారుతున్న రేసునూ వదిలేస్తాను. ఇలా కొట్టివేయగా మూడో నాలుగో మిగులుతాయి. ఆ సాయంత్రానికి ఉన్న సమయమంతా వాటికే.

ఆ మిగిలిన రేసుల్లో కూడా నేను వెతికేది గెలిచే గుర్రాన్ని అనుకుంటే పొరపాటు. టోట్ పద్ధతిలో పందెం కాసేవాడికి ప్రత్యర్థి మిగతా జనమే. ఈ పద్ధతిని 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఓలెర్ కనిపెట్టాడు. తర్వాతి కాలంలో మూలాన్ రూజ్ నాట్యశాలను స్థాపించినవారిలో ఒకడు కూడా ఆయనే. అందరూ కాసిన డబ్బు ఒకచోట చేరుతుంది, నిర్వాహకులు తమ వాటా తీసుకుంటారు, మిగిలినది గెలిచినవారికి పంచుతారు. హాంకాంగ్‌లో విన్ పందెం మీద, అంటే గుర్రం మొదటి స్థానంలో రావాలన్న పందెం మీద, ఆ కోత 17.5 శాతం. విన్ పూల్‌లో 10,00,000 చేరిందనుకుందాం. కోత పోగా 8,25,000 మిగులుతుంది. ఒక గుర్రం మీద 2,00,000 కాసి ఉంటే, అది గెలిచినప్పుడు ఒక్కో రూపాయికి నాలుగు రూపాయల పన్నెండు పైసల చిల్లర వస్తుంది. జనం దృష్టిలో ఆ గుర్రానికి గెలిచే అవకాశం 20 శాతం. నేను నష్టపోకుండా ఉండాలంటే మాత్రం అది 24 శాతానికి మించి గెలిచేదై ఉండాలి. జనం కొద్దిగా పొరబడితే చాలదు, కోతను దాటేంతగా పొరబడాలి. వారు అంత తేలికగా పొరబడరన్నది కూడా గుర్తుంచుకోవాలి. జనం ఎంచిన ఫేవరెట్, అంటే అందరికన్నా ఎక్కువ డబ్బు పడిన గుర్రం, సుమారుగా మూడు రేసుల్లో ఒకటి గెలుస్తుందన్నది చాలా దేశాల్లో తరాలుగా కనిపిస్తున్న లెక్క.

కాబట్టి బోర్డు మీది ఆడ్స్, అంటే గెలిస్తే రూపాయికి ఎంత వస్తుందో చెప్పే ధర, చూడకముందే నా ధర నేను కట్టుకోవాలి. ముందు చూశానంటే నా బుద్ధి తెలియకుండానే జనం వెంట నడుస్తుంది. ఐదు ధర పలుకుతున్న గుర్రంలో ఐదుకు తగ్గ గుణాలే కనిపిస్తాయి.

ధర కట్టడానికి ముడిసరుకు పాత పరుగుల రికార్డు. అందులో అందరి చూపూ ముందుగా పడేది స్థానం మీద, నిజానికి అన్నింటికన్నా తక్కువ చెప్పేది కూడా అదే. ఉదాహరణకు కార్డులో ఒక గుర్రానికి గత పరుగు ఇలా ఉందనుకుందాం: పన్నెండింటిలో ఎనిమిదో స్థానం, గెలిచినదానికి ఐదు లెంగ్త్‌ల వెనుక, డ్రా 12. లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు. డ్రా అంటే గేటు సంఖ్య. 12 అంటే అన్నింటికన్నా బయటి గేటు. వీడియో తెరిచి చూస్తే ఆ గుర్రం మలుపంతా రైలింగు నుంచి మూడో వరుసలో, ముందు గాలిని ఆపే గుర్రం లేకుండా పరుగెత్తిందని తెలుస్తుంది. అర్ధవృత్తం లాంటి మలుపులో ఒక మీటరు బయటికి జరిగితే పరుగెత్తవలసిన దూరం 3.14 మీటర్లు పెరుగుతుంది, ఇది బడిలో నేర్చుకున్న జ్యామితే. ఒక్కో వరుస మీటరు వెడల్పనుకుంటే, మూడో వరుసలోని గుర్రం రైలింగును ఆనుకుని పోయిన గుర్రం కన్నా ఆరు మీటర్లకు పైగా ఎక్కువ పరుగెత్తింది. ఒక లెంగ్త్ దాదాపు 2.4 మీటర్లు. అంటే ఐదు లెంగ్త్‌ల ఓటమిలో రెండున్నర లెంగ్త్‌లు ఆ మలుపులోనే పోయాయి. అదే గుర్రం ఇప్పుడు రెండో గేటు నుంచి బయలుదేరుతుంటే ఎనిమిదో స్థానం అన్న అంకెను పట్టుకుని దాన్ని తోసిపుచ్చకూడదు. అయితే ఈ వీడియో నాకొక్కడికే కనిపించేది కాదు. హాంకాంగ్ వంటి చోట ప్రతి రేసు వీడియో, ప్రతి గుర్రం ఏ వరుసలో పరుగెత్తిందన్న వ్యాఖ్య అందరికీ ఉచితంగా దొరుకుతాయి కనుక, ఇంత స్పష్టంగా కనిపించే కారణం చాలాసార్లు ధరలో ముందే కలిసిపోయి ఉంటుంది.

టైమింగుల విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. ఒక రాత్రి 1,200 మీటర్లు నిమిషం పది సెకన్లలో పరుగెత్తిన గుర్రం, మరో రాత్రి ఒక సెకను ఎక్కువ తీసుకున్న గుర్రం కన్నా మెరుగైనదని చెప్పలేము. ట్రాక్ తడిగా ఉండవచ్చు, రైలింగును బయటికి జరిపి ఉండవచ్చు, మొదటి సగం నెమ్మదిగా సాగి ఉండవచ్చు. ఆ రాత్రి ట్రాక్ మామూలు కన్నా ఎంత వేగంగా ఉందో, ఎంత నెమ్మదిగా ఉందో లెక్కగట్టి ఆ మేరకు సవరించిన తర్వాతే టైమింగుకు అర్థం వస్తుంది. అమెరికాలో ఆండ్రూ బేయర్ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు, అలా సవరించి వేసిన ఆయన వేగపు అంకెలు, స్పీడ్ ఫిగర్లు, 1992 నుంచి డైలీ రేసింగ్ ఫామ్ పత్రికలో ముద్రితమవుతున్నాయి. అంతవరకు సొంతంగా లెక్క కట్టుకున్నవారికే తెలిసిన సంగతి ఆ రోజు నుంచి పత్రిక కొన్న ప్రతివాడికీ తెలిసింది, ఆ మేరకు ధరలూ సర్దుకున్నాయి.

నాకు వీటన్నింటి కన్నా ఎక్కువ ఆసక్తి కలిగించేవి బరువులు, తరగతులు. ఇంగ్లండులో 1855లో హ్యాండిక్యాపర్‌గా, అంటే ఏ గుర్రం ఎంత బరువు మోయాలో నిర్ణయించేవాడిగా, నియమితుడైన అడ్మిరల్ రౌస్ కాలం నుంచి హ్యాండిక్యాప్ రేసు ఉద్దేశం ఒకటే: మెరుగైన గుర్రం మీద ఎక్కువ బరువు మోపి అన్నింటినీ ఒకే గీత మీదికి తేవడం. హాంకాంగ్‌లో ఈ లెక్క బహిరంగంగా ఉంటుంది. ప్రతి గుర్రానికీ ఒక రేటింగు, ఒక రేటింగు పాయింటుకు ఒక పౌండు. నాలుగో తరగతి 60 నుంచి 40 వరకు, ఐదో తరగతి 40, అంతకు దిగువ. వరుసగా ఓడుతూ వచ్చిన గుర్రం 43 నుంచి 41కి, 41 నుంచి 39కి దిగిందనుకోండి. మారింది రెండు పాయింట్లే అయినా అది పడిన లోకమే వేరు. నిన్నటి దాకా నాలుగో తరగతిలో తనకన్నా పదిహేను ఇరవై పాయింట్లు ఎక్కువ ఉన్న గుర్రాలతో తేలికైన బరువు మోస్తూ పోటీపడినది, ఇవాళ ఐదో తరగతిలో దాదాపు అందరికన్నా ఎక్కువ బరువుతో, దాదాపు అందరికన్నా ఎక్కువ రేటింగుతో నిలబడుతుంది. అటువంటి గుర్రాన్ని కొందరు దిగజారిన గుర్రమని వదిలేస్తారు, కొందరు ఇదే అదనని ఎగబడతారు. గత రెండు పరుగుల్లో చివరి 400 మీటర్ల టైమింగు మందగించిందా లేదా అన్నది చూసి నేను తేల్చుకుంటాను. చివర్లో వేగం నిలబడి ఉంటే ఆ ఓటములకు కారణం పోటీదారులే. వేగమే పడిపోయి ఉంటే తరగతి మారినంత మాత్రాన కాళ్లు మారవు. బరువు ఎక్కువైన చోట ట్రైనర్ అప్రెంటిస్ కుర్రవాడిని ఎక్కించి, నేర్చుకుంటున్న జాకీకి ఇచ్చే రాయితీతో కొన్ని పౌండ్లు తగ్గించుకోవడం కూడా మామూలే. అప్పుడు బరువు తగ్గిన లాభం, అనుభవం లేని చేతుల వల్ల వచ్చే నష్టం రెంటినీ త్రాసులో వేయాలి.

ఆ తర్వాత రేసు నడక. ఎవరు ముందుకు దూకుతారు, ఎంతమంది దూకుతారు అన్న ప్రశ్నకు జవాబు రాసుకోకుండా నేను శాతాలు వేయను. ముందు పరుగెత్తే అలవాటున్న గుర్రం ఒక్కటే ఉంటే, అది తన ఇష్టం వచ్చిన వేగంతో మొదటి సగం నడిపించుకుని చివరికి శక్తి దాచుకుంటుంది. అటువంటివి మూడుంటే ఒకదాన్నొకటి అలసిపోయేలా చేసి వెనుకవాటికి దారి ఇస్తాయి. హాంకాంగ్‌లోని హ్యాపీ వ్యాలీ వంటి బిగుతు మలుపులు, పొట్టి చివరి సరళరేఖ ఉన్న ట్రాక్‌లో ఈ ప్రశ్న మరింత ముఖ్యం, ఎందుకంటే వెనుక నుంచి వచ్చేదానికి పుంజుకునే చోటు తక్కువ.

ఇక శాతాలు. ఒక్కో గుర్రానికి గెలిచే అవకాశం ఎంతో రాసుకుంటూ పోతే మొదటిసారి మొత్తం ఎప్పుడూ వంద దాటుతుంది, ఎందుకంటే మనిషికి ప్రతి గుర్రంలోనూ ఏదో మంచి కనిపిస్తుంది. దాన్ని వందకు కుదించడంలోనే అసలు ఆలోచన ఉంది. ఒకదానికి 30, ఒకదానికి 20, తర్వాత 15, 12, మిగతావన్నీ కలిపి 23. వీటిని ధరల్లోకి మార్చితే 30 శాతం గుర్రానికి 3.33, 20 శాతానికి 5, 15కు 6.67, 12కు 8.33. ఇవి లాభనష్టాలు లేని ధరలు. వీటి మీద కనీసం ఐదో వంతు అదనంగా దొరికితేనే నేను పందెం కడతాను. అంటే 20 శాతం గుర్రానికి 6 రావాలి. అది 4.5కు పలుకుతుంటే, అదే గెలుస్తుందని నా మనసు ఎంత చెప్పినా, ఆ రేసులో నా డబ్బు జేబులోనే ఉంటుంది. గెలిచిన తర్వాత పక్కవారు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇప్పుడు బోర్డు చూస్తాను. నా ధరకూ జనం ధరకూ తేడా ఉన్న గుర్రాలు రెండు మూడు కనిపిస్తాయి, తేడా ఎంత పెద్దదైతే సంబరం అంత పెద్దది కావడం సహజం. అక్కడే ఆగి ఆలోచించాలి. 1980ల మధ్యలో హాంకాంగ్ చేరి కంప్యూటర్ లెక్కలతో పందేలు కాసి అపారంగా ఆర్జించిన బిల్ బెంటర్, 1994లో ప్రచురించిన తన వ్యాసంలో ఒక సంగతి రాశారు: ఎన్నో అంశాలతో తయారుచేసిన నమూనా ఒంటరిగా ఇచ్చే అంచనాలను, జనం కట్టిన ఆడ్స్‌తో కలిపి సరిచేసిన తర్వాతే అవి నమ్మదగినవి అయ్యాయి. అంత యంత్రాంగం ఉన్న ఆయనకే జనం అభిప్రాయం అవసరమైతే, కాగితం పెన్నుతో కూర్చున్న నాకు ఇంకెంత అవసరం! నేను 30 అన్న గుర్రానికి జనం 10 అంటుంటే, నాకు తెలియనిది వారికి ఏదో తెలిసి ఉండే అవకాశమే ఎక్కువ. అందుకని నా అంకెకూ జనం అంకెకూ నడుమ సగం దాకా జరుగుతాను. ఇక్కడైతే 20 అవుతుంది. ఆ తర్వాతా లాభం మిగిలితేనే ముందుకు పోతాను.

ఎంత కాయాలన్నదానికి 1956లో జాన్ కెల్లీ ప్రతిపాదించిన సూత్రం ఒకటుంది. 25 శాతం అవకాశం ఉన్న గుర్రానికి 5 ధర దొరికితే ఆ సూత్రం ప్రకారం చేతిలోని పెట్టుబడిలో 6.25 శాతం కాయాలి. అయితే నా 25 నిజానికి 20 అయితే కాయవలసినది సున్నా. నా అంచనాలో ఐదు శాతం తేడా రావడం వింత కాదు కనుక సూత్రం చెప్పినదానిలో నాలుగో వంతుకు మించి ఎన్నడూ పెట్టను. టోట్‌లో మరో చిక్కు ఉంది: గేట్లు తెరుచుకునే ముందు ఆఖరి నిమిషంలో వచ్చిపడే డబ్బు వల్ల ధర మారిపోతుంది. 6 చూసి కాసినది 4.8కి చెల్లించవచ్చు. ఆఖరున తగ్గే ధర సాధారణంగా నాకు నచ్చిన గుర్రానిదే, కారణం లెక్కలు వేసేవారు నాతో పాటు ఇంకా ఉండడమే.

రాత్రి సాగేకొద్దీ ట్రాక్ గురించి మాటలు పుడతాయి. మొదటి రెండు రేసులు ముందున్న గుర్రాలే గెలిస్తే, ఇవాళ రైలింగు పక్కన పోయేవే గెలుస్తాయన్న వదంతి స్టాండు మొత్తం పాకుతుంది. పొట్టి దూరాల్లో ముందు పరుగెత్తేవి మామూలుగానే తమ వాటా కన్నా ఎక్కువ గెలుస్తాయి కనుక రెండు ఫలితాలతో ఏదీ తేలదు. ఓడిన గుర్రాలను చూడాలి. ముందుండి గెలవవలసిన అర్హత లేనిది కూడా మూడో స్థానంలో నిలిచిందా, వెనుక నుంచి వచ్చిన మేటి గుర్రం చివర్లో కదలలేకపోయిందా అన్నవి చూసిన తర్వాతే నా శాతాలను ఒకటి రెండు పాయింట్లు కదిలిస్తాను.

చివరి రేసు సంగతి వేరు. అప్పటికి చాలామంది జేబులు ఖాళీ, పోయినదంతా ఒక్క దెబ్బతో రాబట్టుకోవాలన్న ఆత్రం. సుదూరపు ఆడ్స్ ఉన్న గుర్రాల మీద జనం అవసరానికి మించి కాస్తారని 1949లోనే గ్రిఫిత్ అనే మనస్తత్వవేత్త అమెరికా రేసుల లెక్కలతో చూపించారు. రోజులోని ఆఖరి రేసులో ఈ ధోరణి ముదిరి ఫేవరెట్‌ల మీద కాసే డబ్బు తగ్గుతుందని 1956లో మెక్‌గ్లోత్లిన్ గమనించారు. అందుకే కార్డు మొదటిసారి తిరగేసినప్పుడు ఆఖరి రేసును తొందరపడి కొట్టివేయను. అందులో నా లెక్కకు 35 శాతం ఉన్న ఫేవరెట్ ఉంటే, మిగతా రాత్రంతా చిన్న ధరకు దొరికే అటువంటి గుర్రం ఆ ఒక్క రేసులో కాస్త మంచి ధరకు దొరకవచ్చు.

మర్నాడు పుస్తకంలో మూడు అంకెలు పక్కపక్కన రాస్తాను: నేను కట్టిన శాతం, గేట్లు తెరిచినప్పటి ఆఖరి ధర, ఫలితం. పందెం కట్టని రేసులవి కూడా రాయాలి. ఫలితాలు నిజం చెప్పడానికి చాలా కాలం పడుతుంది. 20 శాతం అన్న గుర్రాలు వందల్లో పోగైతేగాని వాటిలో నిజంగా ఐదో వంతు గెలిచాయో లేదో తేలదు. ఆఖరి ధర మాత్రం అంతకన్నా త్వరగా చెబుతుంది. నేను కాసిన గుర్రాల ధర గేట్లు తెరిచే వేళకు తగ్గుతూ వస్తుంటే, ఎక్కువ డబ్బూ ఎక్కువ లెక్కలూ ఉన్నవారు నాతో ఏకీభవిస్తున్నారన్నమాట. పెరుగుతూ వస్తుంటే, ఆ వారం పందేలు గెలిచి ఉన్నా సరే, శాతాలు వేసే పద్ధతిని మళ్లీ మొదటి నుంచి చూసుకుంటాను.