పాత ల్యాప్‌టాప్‌తో రివ్యూలను పరీక్షించాను

హనుమకొండలో పెళ్లి ఫొటోలు ఎడిట్ చేసి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పని నాది. కొత్త ల్యాప్‌టాప్ మీద 70 వేల దాకా పెట్టాలనుకున్నాక రివ్యూలు చదవడం, చూడడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అయోమయమే పెరిగింది. ఒక ల్యాప్‌టాప్‌ను పట్టుకొని ఒకాయన ఈ ధరలో దీన్ని మించింది లేదంటాడు, ఇంకొకాయన దాని జోలికే పోవద్దంటాడు. ఇద్దరూ అంకెలు చూపిస్తారు. "గన్ని రివ్యూలెందుకు చెల్లె, షాపాయన చెప్పింది తీసుకో" అన్నాడు మా స్టూడియో అన్న. 70 వేలంటే నాకు ఒక సీజన్ మొత్తం చేస్తే మిగిలే డబ్బు. షాపాయన మాట మీద పెట్టలేను, ముక్కూ మొహం తెలియని రివ్యూవర్ మాట మీదా పెట్టలేను.

ల్యాప్‌టాప్ సంగతి పక్కన పెట్టి, ముందు ఎవరి మాట నమ్మొచ్చో తేల్చుకోవాలనిపించింది. దానికి నా పాత ల్యాప్‌టాపే పనికొచ్చింది. దాని మంచీ చెడూ నాకు బాగా తెలుసు. స్క్రీన్‌లో రంగులు వెలిసిపోయినట్టుంటాయి, ఫ్యాన్ చప్పుడు ఎక్కువ, మూతను పట్టి ఉంచే కుడివైపు హింజ్ (కీలు) రెండేళ్లకే వదులైంది, కీబోర్డ్ మాత్రం ఇప్పటికీ బంగారం. అది మార్కెట్లోకి వచ్చిన కొత్తలో వచ్చిన రివ్యూలన్నీ వెతికి తీశాను. చాలామంది "డిస్‌ప్లే బ్రైట్‌గా, కలర్‌ఫుల్‌గా ఉంది" అని వదిలేశారు. కొందరే మీటర్ పెట్టి కొలిచి, రంగులు తక్కువని, ఫొటో పనికి వద్దని తేల్చి చెప్పారు. ఒకరైతే మూత ఒక మూల పట్టుకొని తెరిస్తే ప్లాస్టిక్ వంగుతోందని, హింజ్ దగ్గర జాగ్రత్త అని అప్పుడే అన్నారు. నేను ఏళ్ల తరబడి పడ్డ బాధను మొదటి వారంలోనే పట్టుకున్నవాళ్లు వీళ్లే. వాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లెవరైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

స్క్రీన్‌ను పొగిడినవాళ్లంతా అబద్ధం చెప్పారని మాత్రం నేననను. వాళ్ల చేతికొచ్చిన మెషీన్‌లో వేరే స్క్రీన్ ఉండి ఉండొచ్చు. రివ్యూలు చదివేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కంపెనీలు రివ్యూ కోసం పంపేది చాలాసార్లు ఆ సిరీస్‌లో అన్నిటికన్నా ఖరీదైన రకం. మన షాపుల్లో దొరికేది దాని కింది రకమో, అంతకన్నా కిందిదో. మూత మీద పేరు ఒకటే ఉంటుంది, లోపల స్క్రీన్ వేరు, బ్యాటరీ వేరు, ర్యామ్ వేరు.

మా పనిలో స్క్రీన్ ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే రెండు కొలమానాలు. స్పెసిఫికేషన్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని కనిపిస్తే, అది ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో 60 శాతం పైచిలుకు మాత్రమే చూపగల స్క్రీన్ అని అర్థం. నిండు ఎరుపు, నిండు పసుపు దాని మీద ఉన్నట్టు కనబడవు. హల్దీ ఫొటో తెరిస్తే పసుపు పాలిపోయి ఉంటుంది, పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర ఇటుక రంగులోకి దిగుతుంది. రంగు చాలట్లేదనుకొని మనం స్లైడర్ జరుపుతాం. అదే ఫొటో మంచి స్క్రీన్ ఉన్న ఫోన్లో చూసినా, ల్యాబ్‌లో ప్రింట్ కొట్టించినా ముఖాలు నారింజ రంగులో వస్తాయి. పెళ్లివాళ్లకు స్క్రీన్ల గొడవ అక్కర్లేదు, ఆల్బమ్ పాడైందంటారు, వాళ్ల మాట న్యాయమే. అందుకే ఎస్‌ఆర్‌జీబీ ఎంత శాతమో కొలిచి చెప్పని రివ్యూను, మిగతాదంతా ఎంత బాగున్నా నేను లెక్కలోకి తీసుకోలేదు.

ప్రాసెసర్ల సంగతి మా చెల్లె విప్పి చెప్పింది. కాకతీయ యూనివర్సిటీలో చదువుతోంది. "అక్కా, నువ్వు చూసిన వీడియోల ఉన్నది 7530యూ, ఈ షాపోళ్ల లిస్టుల ఉన్నది 7520యూ. రెండూ రైజెన్ 5లే, రెండూ ఒకటి కాదు" అంది. వెతికి చూస్తే నిజమే. రైజెన్ ప్రాసెసర్లు చేసే ఏఎండీ కంపెనీ 2022లో ప్రకటించిన నంబర్ల పద్ధతిలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7520యూలో ఉన్నది జెన్ 2 అనే పాత తరం డిజైన్, నాలుగు కోర్లు (పని పంచుకునే భాగాలు). 7530యూలో దాని తర్వాతి తరం జెన్ 3, ఆరు కోర్లు. ఒక్క అంకె తేడాతో మెషీనే మారిపోతుంది. గ్రాఫిక్స్ కార్డులదీ ఇదే కథ. ఆర్‌టీఎక్స్ 4050 అని స్టిక్కర్ ఉంటే చాలదు, తయారీదారు దానికి ఎంత కరెంటు ఇస్తున్నాడో చూడాలి. 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. వాట్లు చెప్పకుండా గేమ్ స్కోర్లు చూపించే వీడియో మనకు చెప్పేదేమీ లేదు. ఆనాటి నుంచి పూర్తి మోడల్ నంబర్ లేని రివ్యూ కనిపిస్తే ముందుకు పోయాను. లెనోవో వాళ్లకు పీఎస్‌రెఫ్ అని ఒక సైట్ ఉంది, మోడల్ నంబర్ కొడితే స్క్రీన్ రకం, బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు, ర్యామ్ స్లాట్ ఉందా లేదా అన్నీ వస్తాయి. మిగతా కంపెనీల స్పెసిఫికేషన్లు కూడా మోడల్ నంబర్‌తో వెతికి, రివ్యూ పక్కన పెట్టుకొని చూశాను.

ఇంకోటి వేడి. మే నెలలో ఇక్కడ బయట 42, 43 డిగ్రీలు మామూలే. మా స్టూడియోలో ఏసీ లేదు, కూలరే. మధ్యాహ్నం లోపల 35, 36 దాటుతుంది. విదేశీ రివ్యూలు చాలావరకు 20, 22 డిగ్రీల గదిలో చేసినవి. ల్యాప్‌టాప్ చల్లబడేది గదిలోని గాలితోనే కాబట్టి, గాలి పదిహేను డిగ్రీలు వేడిగా ఉంటే లోపలి వేడి కూడా సుమారుగా అంత ఎక్కుతుంది. అక్కడ 85 దగ్గర ఆగిన ప్రాసెసర్ ఇక్కడ 100కు చేరుకుంటుంది, ఇక తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, దీన్నే థ్రాట్లింగ్ అంటారు. "థ్రాట్లింగ్ లేదు" అన్న మాట ఆ గదిలో నిజం, మన గదిలో కాకపోవచ్చు. నోట్‌బుక్‌చెక్ అనే రివ్యూ సైట్‌లో ల్యాప్‌టాప్ ఉపరితలం వేడి అంకెల దగ్గరే గది ఉష్ణోగ్రత కూడా వేస్తారు. ఆ చిన్న అంకె నాకు పెద్ద సాయం చేసింది. టెస్ట్ ఎంతసేపు నడిపారన్నది కూడా చూశాను. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ టెస్ట్ ఒక్కసారి నడిపిన స్కోరు నాకు పనికిరాదు. ఒక పెళ్లి ఫొటోలు ఎక్స్‌పోర్ట్ పెడితే గంట నడుస్తుంది. అరగంట ఆపకుండా నడిపి, మొదటి స్కోరుకూ చివరి స్కోరుకూ తేడా చూపినవాళ్లనే నమ్మాను.

షాపింగ్ సైట్లలో కొన్నవాళ్లు రాసే రివ్యూలు వేరే రకం. ముందు స్టార్లను పక్కన పెట్టాను. చాలాచోట్ల ఒకే పేజీలో మూడు నాలుగు రకాలుంటాయి, అన్నిటి స్టార్లూ కలిసిపోతాయి. డెలివరీ ఆలస్యమైందని ఒక స్టార్ ఇచ్చినవాళ్లు, బాక్స్ విప్పిన రోజే ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లు ల్యాప్‌టాప్ గురించి చెప్పేది ఏమీ లేదు. వరుసగా రెండు మూడు రోజుల్లో ఒకే ధోరణిలో కురిసిన పొగడ్తలను చూస్తే నాకు అనుమానమే. ఆన్‌లైన్ రివ్యూల కోసం ప్రమాణాలు నిర్ణయించే మన ప్రభుత్వ సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, అయినా చదివేవాళ్ల కళ్లు తెరిచే ఉండాలి. ఆరు నెలలు, ఏడాది వాడాక రాసినవి మాత్రం వెతికి వెతికి చదివాను. హింజ్, చార్జింగ్ పిన్ను, సర్వీస్ వాళ్లు ఇంటికొచ్చారా లేక హైదరాబాద్ పంపమన్నారా, ఇవి అక్కడే తెలుస్తాయి.

ఒక సంగతి ఏ పెద్ద రివ్యూలోనూ దొరకలేదు. నేను అనుకున్న మోడల్ చార్జర్‌కు 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్ వస్తుందని కొన్నవాళ్లలో ఒకాయన రెండు వాక్యాల్లో రాశాడు. ఫ్రిజ్‌కు, గీజర్‌కు ఉండే సాకెట్ కావాలి. పెళ్లి రోజే స్టేజీ పక్కన కూర్చొని కొన్ని ఫొటోలు ఎడిట్ చేసి స్క్రీన్ మీద వేసే పని మాకుంటుంది. ఫంక్షన్ హాల్‌లో ఆ సాకెట్ ఎక్కడ దొరకాలి? ఆ రెండు వాక్యాలు చదివి చిన్న ప్లగ్ ఉన్న కేబుల్ గురించి ముందే అడిగి పెట్టుకున్నాను.

డబ్బులు తీసుకొని చేసే వీడియోల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఉచితంగా వస్తువు అందినా ఆ సంగతి చెప్పి తీరాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కంపెనీ పంపిందని ముందే చెప్పి, లోపాలు కూడా కొలిచి చూపించినవాళ్లను నేను వదులుకోలేదు.

చివరికి రెండు మోడళ్లు మిగిలాయి. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక షాపుకు పెన్‌డ్రైవ్, ప్రింట్ కొట్టించిన ఒక ఆల్బమ్ షీట్ పట్టుకొని వెళ్లాను. "అన్నీ ఫుల్ హెచ్‌డీలే అక్కా, తేడా ఏముండదు" అన్నాడు కౌంటర్ దగ్గరి తమ్ముడు. రెంటిలోనూ ఒకే హల్దీ ఫొటో తెరిచి, బ్రైట్‌నెస్ సమానం చేసి, మధ్యలో ప్రింట్ పెట్టాను. తను కూడా వంగి చూసి, మొదటిదాన్ని చూపించి, "ఔ అక్కా, ఇండ్ల పసుపు తెల్లగ కొడుతున్నది" అన్నాడు. నేను నమ్మిన రివ్యూవర్లు కొలిచి చెప్పింది ఆ టేబుల్ మీద కంటికే కనిపించింది. రెండోదాని అడుగున స్టిక్కర్ మీద నంబర్ సరిచూసుకొని అదే తీసుకున్నాను.

వేసవి పెళ్లిళ్లు అయిపోయాక నేనూ ఒక రివ్యూ రాశాను. పూర్తి మోడల్ నంబర్ పైనే వేశాను. గదిలో 36 డిగ్రీలున్నప్పుడు ఎక్స్‌పోర్ట్ ఎంత నెమ్మదిస్తుందో, ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఎంత తొందరగా అవుతుందో రెండూ రాశాను. వెబ్‌క్యామ్ బాగాలేదని, ఫ్యాన్ చప్పుడుకు పక్కవాళ్లు తిరిగి చూస్తారని, రంగులు మాత్రం ప్రింట్‌తో కలుస్తున్నాయని చెప్పాను. ప్లగ్ సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాను. హింజ్ గురించి ఇప్పుడే ఏమీ రాయలేదు, రెండేళ్లు దాటాక అదే రివ్యూకు కలుపుతాను.