మిర్చి కర్మాగారంలో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ పని మొదలుపెట్టిన తీరు: నా అనుభవం

విదేశాలకు మిర్చిపొడి పంపే కర్మాగారం ఏదైనా ఒక ప్రశ్నకు ఎప్పుడు అడిగినా జవాబు చెప్పగలగాలి. ఈ సంచిలోని పొడి ఏ కాయ నుంచి వచ్చింది, ఆ కాయ ఎవరి దగ్గర కొన్నారు, అదే కాయతో ఆడించిన మిగతా పొడి ఎవరెవరికి వెళ్లింది? ఐరోపా సమాఖ్య ఆహార చట్టంలో సరుకు ఎవరి నుంచి వచ్చిందో, ఎవరికి వెళ్లిందో చెప్పగలగాలన్న నిబంధన 2005 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఆ నిబంధన నేరుగా కట్టిపడేసేది అక్కడి దిగుమతిదారునే అయినా, అతడు అదే షరతును మన మీద పెడతాడు. ఆహార భద్రత ప్రమాణమైన బీఆర్‌సీజీఎస్ ధ్రువీకరణ కోరుకునే కర్మాగారమైతే ఈ జవాబును 4 గంటల్లో కాగితాలతో సహా చూపించాలి. గుంటూరు శివార్లలో ఉన్న మా కర్మాగారంలో కంప్యూటర్ వ్యవస్థల బాధ్యత నాది. ఒక కొనుగోలుదారు తరఫున వచ్చిన తనిఖీ అధికారి ఒక బ్యాచ్ నంబరు ఇచ్చి ఈ ప్రశ్న అడిగినప్పుడు, మా వాళ్లు రిజిస్టర్లన్నీ ముందేసుకుని జవాబు తేల్చేసరికి మర్నాడు అయింది. జవాబు సరైనదే. అది అంత ఆలస్యంగా రావడమే యాజమాన్యాన్ని కదిలించింది.

వెంటనే అందరికీ తోచిన మందు కొత్త ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాలు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేరు, కొనడం. అమ్మేవాళ్లు వచ్చారు, తెరల మీద చూపించారు, ధరలు చెప్పారు. నేను మా చైర్మన్ గారిని ఒక్కటే కోరాను. ఏది కొనాలో తేల్చుకునే ముందు, మన దగ్గర ఏ పని ఎలా జరుగుతోంది, ఆ పనికి ఏ సమాచారం కావాలి, ఆ సమాచారం ఇప్పుడు ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగిపోతోంది అన్నది కాగితం మీద పెట్టడానికి అనుమతి ఇవ్వండి అన్నాను. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అంటే ప్రధానంగా ఇదే. 1987లో జాన్ జాక్‌మన్ ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో రాసిన వ్యాసంతో ఈ ఆలోచనకు ఒక చట్రం ఏర్పడింది. 1995లో మొదటిసారి వచ్చిన టోగాఫ్ అనే ప్రమాణం దానికి ఒక పని పద్ధతిని ఇచ్చింది, ఆ ప్రమాణం పదో కూర్పు 2022లో వెలువడింది. నేను ఈ రెండింటినీ శ్రద్ధగా చదివాను గానీ, చైర్మన్ గారి ముందు ఈ పేర్లు ఎత్తలేదు. ఆయనకు అర్థం కావన్న చిన్నచూపుతో కాదు. ఆయన అడిగిన ప్రశ్న సరుకు గురించి, కాబట్టి జవాబు కూడా సరుకు భాషలోనే ఉండాలని నా నమ్మకం.

టోగాఫ్‌లో పని చక్రం ఎనిమిది దశలుగా, ఎ నుంచి హెచ్ వరకు, సాగుతుంది. వాటికి ముందు ఒక సన్నాహక దశ ఉంటుంది. మధ్యతరహా కర్మాగారంలో వీటన్నిటినీ మొదటిరోజు నుంచే నడపాలనుకుంటే కాగితాలు పెరుగుతాయి తప్ప పని కదలదు. నేను సన్నాహక దశను, ఎ దశను మాత్రం గట్టిగా పట్టుకున్నాను. పని ఎవరి పేరున జరుగుతుంది, ఎంతవరకు జరుగుతుంది, ఏది తేలితే ముగిసినట్టు అన్న మూడు విషయాలను ఒకే పేజీలో తెలుగులో రాసి చైర్మన్ గారి సంతకం తీసుకున్నాను. పరిధి ఒకే ఒక్క మిల్లు లైను, గేటు దగ్గర లారీ తూకం నుంచి కంటైనర్‌కు సీలు వేసేవరకు. జీతాలు, హాజరు, విడిభాగాల స్టోరు, మిర్చి యార్డు దగ్గరి మా ఆఫీసు, ఇవేవీ ఇందులో లేవని కూడా స్పష్టంగా రాశాను. ఏవి చేయమో రాసిన ఆ రెండు వాక్యాలే తర్వాత నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చాయి. పని మొదలైందని తెలియగానే ప్రతి విభాగం తన పాత కష్టాన్ని ఇందులో చేర్చమని అడిగింది.

ఆ తర్వాత ఒక లాటు వెంట నడిచాను. నా దృష్టిలో ఈ నడకను మించిన సర్వే లేదు. యార్డులో కమిషన్ ఏజెంటు దగ్గర తేజ రకం కాయ కొంటే, మా కొనుగోలు గుమాస్తా తక్‌పట్టీ (ఏజెంటు ఇచ్చే తూకం, ధరల చీటీ) వివరాలను తన ఎక్సెల్‌లో ఎక్కిస్తాడు. సరుకులో కొంత నేరుగా కర్మాగారానికి, మిగతాది కోల్డ్ స్టోరేజీకి వెళుతుంది. ఏసీలో, అంటే ఆ కోల్డ్ స్టోరేజీలో, పెట్టిన కాయకు కోల్డ్ స్టోరేజీ వాళ్లు తమ సొంత నంబరు వేస్తారు. కర్మాగారం గేటు దగ్గర ఒక రిజిస్టరు, కాటా గదిలో పాత కంప్యూటర్ మీద నడిచే తూకం సాఫ్ట్‌వేరు, గోడౌన్‌లో మరో పుస్తకం ఉన్నాయి. లాబరేటరీ వాళ్లు తేమ, రంగు, కారం, అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) ఫలితాలను తమ నమూనా నంబరు కింద దాస్తారు. ఎండుమిర్చికి ఐరోపా పరిమితి అఫ్లటాక్సిన్ బి1 విషయంలో కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు కాబట్టి ఆ ఫలితం ఏ కాయదో తెలియకపోతే పరీక్ష చేయించిన ఖర్చంతా వృథా. మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరు పుస్తకం, ఆవిరితో సూక్ష్మజీవులను తగ్గించే యంత్రం ప్యానెల్‌లో దాగిన ఉష్ణోగ్రత రికార్డులు, మెటల్ డిటెక్టర్ చీటీలు, ప్యాకింగ్ రిజిస్టరు, టాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేరులో స్టాకు పద్దు, ఎగుమతి విభాగం పత్రాలు ఆ పై మజిలీలు. ప్రతి చోటా నేను అవే ఆరు ప్రశ్నలు అడిగాను: ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు. జాక్‌మన్ చట్రంలోని నిలువు వరుసలు ఇవే. పెద్ద పట్టిక గీయకపోయినా, ఈ ఆరూ చేతిలో ఉంటే ఎదుటి మనిషి చెప్పడం మరిచిన విషయం బయటపడుతుంది.

ఒకే కాయ అన్ని చోట్లా ఉంది, కానీ ఒక పుస్తకంలోని గుర్తు మరో పుస్తకంలో లేదు. వాటిని కలిపి చూడగలిగింది కొందరు అనుభవజ్ఞుల జ్ఞాపకమే. తనిఖీ రోజు మర్నాటి దాకా పట్టడానికి కారణం అదే. గుర్తు పూర్తిగా తెగిపోయే చోటు మరొకటి ఉంది: మిల్లు తొట్టి. కొనుగోలుదారు కోరిన రంగు, కారం రావాలంటే కారం ఎక్కువున్న తేజను, రంగు ఎక్కువున్న బాడిగను పాళ్లు చూసి కలపాలి. ఆ పాళ్లు తేల్చేది ఈ పనిలో తల పండిన ఒక పెద్దాయన. కర్మాగారంలో అందరూ ఆయన్ను బాబాయ్ అనే పిలుస్తారు.

“కాయ నలిపి చూస్తే తెలిసిపోద్ది బాబూ, రాసుకునేదేముంది?” అన్నారాయన మొదటిరోజు.

“మీకు తెలుస్తుంది బాబాయ్ గారూ. రేపు తనిఖీకి వచ్చినవాడికి తెలియాలి గదా. మీరు ఏ టిక్కీలు తొట్టిలో పోయమన్నారో ఆ గుర్తు మాత్రం మిగిలితే చాలు, పాళ్లు మీ దగ్గరే ఉండనివ్వండి” అన్నాను.

ఆ మాట పైపైన అన్నది కాదు, తర్వాత వ్యవస్థను అలాగే రూపొందించాం. మిశ్రమం చీటీలో ఏ లాటు నుంచి ఎన్ని టిక్కీలు (కాయ నింపిన గోనె సంచులు) పోశారన్నది ఉంటుంది, ఎందుకు పోశారన్నది ఉండదు. మనిషి నైపుణ్యాన్ని లాక్కునే పనిగా కనబడితే ఏ ఆర్కిటెక్చరూ షాపుఫ్లోరు మీద నిలబడదని నా గట్టి అభిప్రాయం. కొన్నాళ్లకు ఆయనే ఒక మెలకువ నేర్పారు. తొడిమ తీసినప్పుడు, గింజ వేరు చేసినప్పుడు, తేమ తగ్గినప్పుడు బరువు పడిపోతుంది కాబట్టి, లోపలికి వెళ్లిన కాయ బరువు ఒకవైపు, పొడి, తొడిమ, గింజ, దుమ్ము, తరుగు కలిపి మరొకవైపు సరిపోవాలన్నారు. తనిఖీ అధికారులు చివర అడిగేది కూడా ఈ లెక్కనే. లాటు నంబర్లు ఎంత చక్కగా ఉన్నా బరువు సరిపోకపోతే జవాబును వాళ్లు ఒప్పుకోరు.

ఈ చిత్రాన్ని, కర్మాగారంలోని పనులను మెట్లుగా విడదీసే ఐఎస్ఏ-95 ప్రమాణం మీద పెట్టి చూసినప్పుడు ఈఆర్‌పీ ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ ప్రమాణం సున్నా మెట్టును అసలు తయారీ ప్రక్రియగా, ఒకటిని సెన్సర్లు, మోటార్ల స్థాయిగా, రెండును నియంత్రణ, పర్యవేక్షణగా, మూడును ఉత్పత్తి నిర్వహణగా, నాలుగును వ్యాపార ప్రణాళికగా చూస్తుంది. మా దగ్గర నాలుగో మెట్టున టాలీ ఉంది, ఒకటి, రెండు మెట్ల మీద పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు) ఉన్నాయి. మూడో మెట్టు మొత్తం పుస్తకాలు, చీటీలు, జ్ఞాపకాలు. ఏ లాటు ఏ షిఫ్టులో ఏ తొట్టిలో పడిందన్నది మూడో మెట్టు విషయం. నాలుగో మెట్టున ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరు తెచ్చి పెట్టినా, కింద పుట్టని సమాచారం పైన కనబడదు. ఈ ఒక్క బొమ్మను చైర్మన్ గారికి చూపించాక ఈఆర్‌పీ కొనుగోలును ఆయనే పక్కన పెట్టారు. టాలీని కదపవద్దన్న నిర్ణయం కూడా అక్కడే జరిగింది. ఏడాది అమ్మకాలు 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి, మా ఇన్‌వాయిస్‌లు, ఈ-వే బిల్లులు టాలీ నుంచే ఇబ్బంది లేకుండా వెళుతున్నాయి. సజావుగా నడుస్తున్నదాన్ని చెడగొట్టి కొత్తది నిలబెట్టడానికి నాకు కారణం కనిపించలేదు.

అన్నిటికంటే ఎక్కువ సమావేశాలు తీసుకున్న అంశం లాటు నంబరు ఎవరు వేయాలన్నది. చూడటానికి చిన్న విషయమే. నంబరు వేసేవాడే ఆ లాటుకు జవాబుదారీ అవుతాడు కాబట్టి ఎవరూ ముందుకు రాలేదు. కొనుగోలు విభాగం వేస్తే యార్డు నుంచే గుర్తు మొదలవుతుంది, కానీ ఒక కొనుగోలు రెండు మూడు లారీల్లో వేర్వేరు రోజుల్లో రావచ్చు. లాబరేటరీ వేస్తే నాణ్యతతో ముడిపడుతుంది, కానీ ఫలితం వచ్చేలోగా టిక్కీలు గోడౌన్‌లో కలిసిపోతాయి. చివరికి కాటా గదిలో తూకం పూర్తయిన క్షణంలో, గోడౌన్ ఇన్‌చార్జి బాధ్యత మీద నంబరు పుట్టాలని తేల్చాం. కొనుగోలు తక్‌పట్టీ, కోల్డ్ స్టోరేజీ నంబరు, లాబరేటరీ నమూనా నంబరు, ఇవన్నీ ఆ లాటు కింద వివరాలుగా చేరతాయే గానీ దాని స్థానంలోకి రావు. నంబరులో రకం పేరును, నాణ్యత గ్రేడును చొప్పించమని కొందరు పట్టుబట్టారు. గ్రేడు మారవచ్చు, లాటు మారకూడదు. అందువల్ల నంబరులో ఏ అర్థమూ లేకుండా వరుస సంఖ్యను మాత్రమే ఉంచాం. ఈ నిర్ణయాన్ని, దాని కారణాలను, ఒప్పుకోనివారి అభ్యంతరాలను కలిపి ఒక నిర్ణయాల పుస్తకంలో రాసి అందరి చేత సంతకాలు పెట్టించాను. కొత్తగా వచ్చే ఉద్యోగి ఇదే వాదన మళ్లీ మొదలుపెడితే ఆ పేజీ చూపిస్తే సరిపోతుంది.

నంబరును టిక్కీ మీద నిలబెట్టడం వేరే కథ. కారం దుమ్ము పట్టిన గోనె మీద స్టిక్కరు నిలవదు, ముఠా కూలీలు కొక్కెంతో లాగినప్పుడు ఊడిపోతుంది. గుడ్డ లాంటి పదార్థంతో చేసిన ట్యాగు మీద బార్‌కోడు ముద్రించి, సంచి మూతి కుట్టేటప్పుడే దారంతో కలిపి కుట్టించే ఉపాయం ముఠా మేస్త్రి చెప్పిందే. ఆర్కిటెక్చర్ బొమ్మలో ఇది ఒక గీత మాత్రమే, కానీ ఆ గీత నిజం కావడం ఈ ట్యాగు మీద ఆధారపడి ఉంది. ప్యానెల్ రికార్డుల విషయంలో నేను ఒక నియమం పెట్టాను. ఆఫీసు కంప్యూటర్లున్న నెట్‌వర్కు నుంచి యంత్రాలున్న నెట్‌వర్కుకు నేరుగా దారి ఉండకూడదు, ఉష్ణోగ్రత వివరాలు మధ్యలో ఉన్న ఒక సర్వర్ దాకా వచ్చి ఆగాలి, ఆఫీసు అక్కడి నుంచే చదువుకోవాలి.

మార్పులు ఎప్పుడు చేయాలన్నది మాకు క్యాలెండరే చెప్పింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు కొత్త కాయ వెల్లువలా వస్తుంది, ఆ రోజుల్లో గేటు దగ్గర ఒక్క నిమిషం ఆలస్యమైనా లారీలు రోడ్డు మీదకు బారులు తీరతాయి. అందువల్ల కాటా గది, గోడౌన్ మార్పులన్నిటినీ వేసవిలో యార్డుకు సెలవులిచ్చే సమయానికి పెట్టుకున్నాం. ఆ తర్వాత వాడకం ఎక్కువగా ఏసీ కాయ మీదే నడుస్తుంది కాబట్టి, లారీల ఒత్తిడి లేకుండా కొత్త పద్ధతికి చెయ్యి తిరుగుతుంది. మూడో మెట్టుకు పెద్ద ప్యాకేజీ ఏదీ కొనలేదు. లాటు నమోదు, మిశ్రమం చీటీ, ప్యాకింగ్ అన్న మూడు తెరలున్న చిన్న అప్లికేషన్‌ను విజయవాడలోని ఒక చిన్న సంస్థ చేత తెలుగులో రాయించాం. టాలీకి రోజుకొకసారి స్టాకు మొత్తాలు మాత్రమే వెళతాయి.

మొదటి లైనులో కొత్త పద్ధతి కుదురుకున్నాక, చెన్నై ఓడరేవుకు వెళ్లిపోయిన ఒక కంటైనర్ నుంచి బ్యాచ్ నంబరు ఎంచుకుని మేమే మాక్ రీకాల్ (సరుకును వెనక్కి రప్పించాల్సి వస్తే ఎలా అన్న ఉత్తుత్తి కసరత్తు) నడిపాం. కాయ లాట్లు, లాబరేటరీ ఫలితాలు, అదే కాయతో ఆడించిన మిగతా బ్యాచ్‌లు మధ్యాహ్న భోజనానికి ముందే బయటికొచ్చాయి. బరువుల లెక్క సరిపోల్చడానికి మాత్రం సాయంత్రం దాకా పట్టింది, ఎందుకంటే తొడిమలు తీసే షెడ్డులో తరుగును ఇంకా పుస్తకంలోనే రాస్తున్నారు. అక్కడ పనిచేసే ఆడవాళ్లకు కూలీ లెక్క కూడా ఆ తూకాలతోనే ముడిపడి ఉంది కాబట్టి, వాళ్ల ముందే కాటా చూపించి చీటీ ఇచ్చే ఏర్పాటు లేకుండా దాన్ని మార్చకూడదని నిర్ణయాల పుస్తకంలో రాశాం. రెండో లైను కంటే ముందు ఇప్పుడు ఆ షెడ్డు పనే చేపట్టాం.