ముసురు రోజు, ఉర్లగడ్డ ట్యూబుల తనిఖీ
నెల్లూరు, నవంబరు, శనివారం

పొద్దుటి నుంచి వదలని ముసురు. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు బూజు త్వరగా పడుతుంది కాబట్టి ల్యాబ్‌లో కొత్త కోతలు ఆపి, ర్యాకుల్లో ఉర్లగడ్డ (బంగాళదుంప) మొక్కలు పెరుగుతున్న గాజు ట్యూబుల్ని ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూడటంతోనే పూట గడిచింది.

మన పొలాల్లో ఉర్లగడ్డ సాగు కుదరదు. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటితే దుంప ఊరడం తగ్గిపోతుంది. గాజు ట్యూబులో, ఏసీ గదిలో మాత్రం హాయిగా పెరుగుతుంది. టిష్యూ కల్చర్, అంటే మొక్క ముక్కను గాజు ట్యూబులో పెంచి కొత్త మొక్క చేయడం, నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మాట వినే మొక్క లేదు.

మొలగొలుకుల వడ్లు దాచాలంటే గింజలో తేమ 5–7 శాతానికి దించి, గాలి చొరని సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల్లో పెడితే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు. ఉర్లగడ్డ రకానికి ఆ వెసులుబాటు లేదు. మనం తినేదానిలో క్రోమోజోములు (వంశ లక్షణాల్ని మోసే పోగులు) పన్నెండేసి చొప్పున నాలుగు వరసలు, మొత్తం 48. దాని కాయలోని గింజలు నాటితే ఏ మొలకకా మొలక వేరుగా వస్తుంది, తల్లి రకం మళ్లీ దొరకదు. ఆండీస్ కొండల చౌచా రకాల్లో 36 క్రోమోజోములు, వాటికి గింజ పట్టడమే అరుదు. అందుకే పెరూ రాజధాని లిమాలో 1971లో మొదలైన అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రం నాలుగు వేలకు పైగా సాగు రకాల్ని బతికున్న మొక్కలుగానే కాపాడుతోంది. గింజగా దాచేది ముఖ్యంగా అడవి జాతుల్నే.

పని చూడటానికి చిన్నది. ఒక్క కణుపు, దాని ఆకుతో సహా కోసి ఎంఎస్ మీడియంలో (మొక్కకు కావలసిన లవణాలు, విటమిన్లు కలిపిన మేతలో) గుచ్చాలి. లీటరుకు 30 గ్రాముల పంచదార, అది గడ్డకట్టడానికి 7–8 గ్రాముల అగర్, పీహెచ్ 5.7, ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే పాత్రలో) 121 డిగ్రీల దగ్గర 15–20 నిమిషాలు. 20–22 డిగ్రీల్లో, రోజుకు 16 గంటల వెలుతురులో నాలుగు వారాలకు ట్యూబు నిండుతుంది. ఏళ్లపాటు దాచే చోట ఈ వేగమే గుదిబండ. అక్కడ మీడియంలో 4 శాతం సార్బిటాల్ (చక్కెర లాంటి పదార్థం) కలిపి, 6–8 డిగ్రీల చలిలో ఉంచి ఎదుగుదలను అణిచేస్తారు. అప్పుడు ఒక్కో ట్యూబు రెండేళ్ల దాకా ఆగుతుంది.

ఈ రోజు ఎక్కువసేపు చూసింది కాండం మొదళ్లనే. అగర్‌లోకి దిగిన చోట పాలు చిందినట్టు పలచని తెల్లటి వలయం కనిపిస్తే మొక్క లోపల దాగిన బాక్టీరియా బయటపడినట్టే. పైన ఆకు పచ్చగా ఉందని దాన్నే కోసి పెంచితే ఆ సంతతంతా పాడు. బూజు పట్టిన ట్యూబు మూత అసలు తెరవకూడదు, అలాగే ఆటోక్లేవ్‌లో వేసేయాలి. బూజు ట్యూబు నుంచి ట్యూబుకు వరసగా పాకుతుంటే నల్లిని (మొక్కల మీద తిరిగే అతి చిన్న పురుగును) అనుమానించాలి, బీజాల్ని మోసేది అదే. ఆకులు గాజులా మెరుస్తుంటే మూత గాలి ఆడనీయడం లేదని అర్థం.

వైరస్ మాత్రం కంటికి దొరకదు, పరీక్ష చేయించాల్సిందే. 32–36 డిగ్రీల వేడిలో నెల రోజులు పెంచి, కొనమొగ్గ నుంచి 0.2–0.3 మిల్లీమీటర్ల ముక్క తీస్తే చాలా వైరస్‌లు వదులుతాయి. దుంపను కదురులా సాగదీసే కదురు దుంప తెగులు తెచ్చే వైరాయిడ్ (వైరస్ కంటే చిన్న రోగకారకం) మాత్రం ఆ వేడికి లొంగదు.

వీటన్నిటికంటే నాకు భయం చీటీ మారడం. ట్యూబులో రకాలన్నీ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. తప్పు పేరుతో ఒక్క కోత వెళ్లిందా, తర్వాతి తరాలన్నీ అదే పేరుతో నడుస్తాయి, డీఎన్‌ఏ పోల్చి చూసేదాకా ఎవరికీ తెలియదు. అందుకే బల్ల మీద ఒకసారికి ఒకే రకం ఉండాలి, కోత మొదలు పెట్టకముందే ఖాళీ ట్యూబులకు చీటీలు అంటించాలి. సోమవారం కోతలకు చీటీలు రాసి పెట్టాం, ముసురు విడవకపోతే బుధవారానికి జరుపుతాం.