విరాళాల ప్రాజెక్టు: ముందు ఖర్చు తెలియాలి, తర్వాతే సేకరణ

శ్రీకాకుళంలో నేను పనిచేస్తున్న పాఠశాలలో పన్నెండో తరగతి విద్యార్థులు ఏటా ఒక సేవా ప్రాజెక్టు చేయాలి. ఈ ఏడాది కామర్స్ విభాగం పిల్లలు విరాళాలు సేకరించి ఎవరికైనా అండగా నిలవాలని నిర్ణయించుకున్నారు. వారికి తోడుగా ఉండే బాధ్యత నాకు అప్పగించారు. మొదటి సమావేశంలో వారు చెప్పిన ఆలోచనలన్నీ డబ్బు ఎలా పోగుచేయాలన్న దాని చుట్టూనే తిరిగాయి: ఫుడ్ స్టాల్, క్రికెట్ టోర్నమెంటు, టికెట్లు పెట్టి సాంస్కృతిక కార్యక్రమం, ఇంటింటికీ చందా పుస్తకం. ఆ డబ్బు ఎవరికి, ఏ ఖర్చుకు, ఎంత కావాలి అని అడిగితే మాత్రం ‘పేదలకు మేడం’, ‘అనాథలకు మేడం’ అన్న జవాబులే వచ్చాయి. పిల్లల మనసు మంచిదే. కానీ ఎవరికో, ఎందుకో చెప్పలేని చందా ఇచ్చినవారికీ తృప్తినివ్వదు, పుచ్చుకున్నవారి అవసరమూ తీర్చదు. అందువల్ల సేకరణ మాట పూర్తిగా పక్కన పెట్టి, ముందుగా ఖర్చును వెతకమన్నాను.

ఈ జిల్లాలో సాయం అనగానే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా, అందులోనూ పొలాల్లో కాయకష్టం చేసుకునేవారికి ఈ జబ్బు ఎందుకు వస్తోందన్నది, ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదమిత్థంగా తేలలేదు. పిల్లల్లో ఎక్కువమంది అక్కడ ఒక ఊళ్లో మంచినీటి ప్లాంటు పెట్టిద్దామన్నారు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు చేర్చే దాదాపు 700 కోట్ల రూపాయల పథకాన్ని ప్రభుత్వం 2023 డిసెంబరు 14న ప్రారంభించిందనీ, అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా ప్రారంభమయ్యాయనీ చెప్పి, ఇంత పెద్ద పని పక్కన మన చిన్న ప్లాంటు ఏ లోటు తీరుస్తుందో ఆలోచించమన్నాను. పైగా ప్లాంటు పెట్టడం ఒక ఎత్తు, ఏళ్ల తరబడి ఫిల్టర్లు మార్చి కరెంటు బిల్లు కట్టడం మరొక ఎత్తు. మార్చిలో పరీక్షలు రాసి తలో దిక్కుకు వెళ్ళిపోయే పిల్లలు ఆ భారం మోయలేరు. తాళం పడిన ప్లాంటు గదిని ఒక ఊరికి మిగిల్చి వెళ్లడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

రక్తదాన శిబిరం మాట కూడా వచ్చింది కానీ, రక్తం ఇవ్వడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి కనుక తరగతిలో చాలామందికి ఆ అర్హత లేదు. తుపాను బాధితుల నిధి అన్నారు. తుపాను పిల్లల ప్రాజెక్టు గడువు చూసుకొని రాదు కనుక దాన్ని వదిలేశాం.

చివరకు ఇద్దరు విద్యార్థినులు, ఉద్దానంలో బంధువులున్నవారు, డయాలసిస్ కేంద్రానికి వెళ్లి అక్కడివారినే అడుగుదామన్నారు. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన సలహా అదేనని నా నమ్మకం. తల్లిదండ్రుల అనుమతితో, కేంద్రం సిబ్బందికి ముందుగా చెప్పి వెళ్లాం. డయాలసిస్ ఉచితంగానే జరుగుతోంది. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఉంది. అయితే వారానికి రెండు మూడు సార్లు, వచ్చిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. వెంట ఇంకొకరు రావాలి, అంటే ఆ రోజు ఇంట్లో ఇద్దరి కూలి పోయినట్లే. బయట బెంచీ మీద భర్త కోసం ఎదురుచూస్తున్న ఒకావిడ, మందులకు ఇబ్బంది ఉందా అని మా పిల్లలు అడిగితే, “మందులు ఆళ్లే ఇత్తన్నారమ్మా, ఆటోకే అయిపోతంది” అంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది కదా అని ఒక అబ్బాయి గుర్తుచేశాడు. బస్సు తమ ఊళ్లోకి రాదనీ, ఊరి నుంచి హైవే దాకా ఆటో తప్పదనీ, డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి నిలబడలేని మనిషిని పట్టుకొని బస్సు కోసం రోడ్డు మీద ఉండలేమనీ ఆమె ఓపికగా వివరించింది. పాఠ్యపుస్తకంలో పరోక్ష వ్యయం గురించి నేను చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ బెంచీ దగ్గర విన్న మాటలే పిల్లలకు బాగా అర్థమయ్యాయి.

తిరిగి వచ్చాక లెక్క వేశారు. రానూపోనూ ఆటోకు 200 రూపాయలు అనుకొని, వారానికి మూడు సార్ల చొప్పున చూస్తే ఒక మనిషికి నెలకు 2,500 రూపాయల వరకు అవుతుంది; ఆరు నెలలకు 15,000. పదిమందికి ఇవ్వాలంటే లక్షన్నర కావాలి, అది మా శక్తికి మించినది. అందరికీ తలో వెయ్యి ఇచ్చి ఫొటో దిగుదామని కొందరన్నారు. నేను గట్టిగా కాదన్నాను. ఒక్కసారి అందిన వెయ్యి రూపాయలు నాలుగైదు ప్రయాణాలతో ఖర్చయిపోతాయి. నలుగురికైనా ఆరు నెలలపాటు ఆటో ఖర్చు గురించి బెంగ లేకుండా చేయగలిగితే దాని విలువ వేరు. అలా మా లక్ష్యం 60,000 రూపాయలుగా స్థిరపడింది. ఆ నలుగురు ఎవరన్నది పిల్లలు కాదు, రోగుల ఇంటి పరిస్థితి తెలిసిన కేంద్రం సిబ్బందే సూచించాలి. పోస్టర్ల మీద ఎవరి పేరూ, ఎవరి ముఖమూ ఉండకూడదు. జబ్బుపడిన మనిషి తన కష్టాన్ని నలుగురిలో ప్రదర్శిస్తేనే సాయం దొరుకుతుందన్న పరిస్థితి మన చేతుల మీదుగా రాకూడదని పిల్లలకు మరీ మరీ చెప్పాను.

ఆ తర్వాతే సేకరణ పద్ధతి మీద చర్చ జరిగింది. ఉద్దానం వారి కోసం చేస్తున్న పనికి ఉద్దానం పంటనే ఎంచుకుంటే బాగుంటుందని, పలాస జీడిపప్పు అమ్మాలన్న నిర్ణయానికి వచ్చారు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానుకు అక్కడి జీడి, కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు కనుక, ఆ నేల పంట కొనడం కూడా ఒక రకమైన ఆసరాయేనని వారి వాదన. విడిగా కొని తరగతిలో తూకం వేసి ప్యాకెట్లు కడదామన్నారు; ఆహార పదార్థాలు ప్యాక్ చేసి అమ్మడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి కనుక, లైసెన్సు నంబరు ముద్రించి సీలు వేసిన అరకిలో ప్యాకెట్లనే వ్యాపారి నుంచి తీసుకోవాలని సవరించాను. గుండ్లు, అంటే విరగని పప్పు, ఖరీదెక్కువ; రెండుగా విడిన బద్దలు తక్కువ. పండుగకు మిఠాయిలు చేసేవారు బద్దలే ఎక్కువగా అడుగుతారని ఒక దుకాణదారుడి కొడుకు చెప్పడంతో రెండు రకాలూ తేవాలనుకున్నారు. ప్యాకెట్టుకు 60 రూపాయలు మిగిలితే వెయ్యి ప్యాకెట్లు అమ్మాలి. నలభై మంది ఉన్న తరగతిలో తలకు పాతిక. సాధ్యమయ్యే పనే.

విజయనగరం నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి, దసరా తర్వాత వచ్చే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున స్టాల్ పెడదామని ఉత్సాహంగా అడిగింది. లక్షల మంది చేరే ఆ రద్దీలో పిల్లల్ని డబ్బు పెట్టెతో నిలబెట్టడానికి నేను ఒప్పుకోలేదు. అమ్మవారి మొక్కుకని తెచ్చుకున్న డబ్బును దారిలో అడగడం కూడా నాకు సబబుగా తోచలేదు. అక్టోబరు విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను 2014లో సరిగ్గా అదే తేదీన వచ్చాయి. మన తీరంలో దసరా, దీపావళి రోజుల్లో ఒకే తేదీని నమ్ముకొని కార్యక్రమం పెట్టుకోవడం మంచిది కాదు. అందుకే ముందస్తు ఆర్డర్లు వినాయక చవితి నాటి నుంచే తీసుకొని, సరుకు రెండు విడతల్లో అందించి, నవంబరు నెలాఖరుకు మొత్తం ముగించాలి. జనవరి నుంచి ప్రాక్టికల్ పరీక్షలు మొదలవుతాయి.

లెక్కల విషయంలో నేను కఠినంగా ఉన్నాను. విద్యార్థుల సొంత ఫోన్లకు ఒక్క రూపాయి కూడా రాకూడదు. పాఠశాల ఖాతా క్యూఆర్ కోడ్ ఒక్కటే వాడాలి. నగదుకు వరుస నంబర్లున్న రసీదు పుస్తకం, కార్బన్ నకలు తప్పనిసరి. రోజూ సాయంత్రం ఇద్దరు విద్యార్థులు కలిసి నగదు లెక్కపెట్టి, రసీదులతో సరిచూసి, ఇద్దరూ సంతకం చేయాలి. తేడా ఉంటే కొట్టివేసి దిద్దకూడదు, తేడాగానే రాయాలి. పెద్ద మొత్తం ఇస్తామన్న ఒకరు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జి రసీదు అడిగారు. ఆ రసీదు అందుకు అనుమతి ఉన్న సంస్థలే ఇవ్వగలవనీ, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదనీ పిల్లలు ఆయనకు మర్యాదగా వివరించారు. అకౌంటెన్సీ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి అభ్యాసం నాకు కనిపించదు.

ఒక్క విషయం ఇంకా తేలలేదు. ప్రయాణపు డబ్బు రోగి చేతికే ఇవ్వాలా, నెలాఖరున ఆటో యజమానికి చెల్లించాలా? చేతికిస్తే వారి గౌరవం నిలుస్తుంది, ఏ రోజు ఏ బండి ఎక్కాలో వారే నిర్ణయించుకుంటారు. నేను ఈ పక్షాన ఉన్నాను. ఇంట్లో ఇంకేదైనా అవసరం వస్తే ఆ డబ్బు అటు వెళ్లిపోతుందని పిల్లలు కొందరు భయపడుతున్నారు. వచ్చే వారం ఆ ఊళ్ల ఆటో స్టాండుల్లోనూ, రోగుల కుటుంబాలతోనూ మాట్లాడి, వారు ఎలా కోరుకుంటే అలాగే చేయాలని అనుకున్నాం.