గోలుకు ముందరి ఆరు నిమిషాలు

హనుమకొండ, 2025 డిసెంబరు 21, ఆదివారం

రాత్రి పదకొండుకు మొదలైన ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌ను చివరిదాకా చూసి ఒంటిగంట దాటాక పడుకున్నందువల్ల పొద్దున లేవడం ఆలస్యమైంది. జె.ఎన్. స్టేడియానికి వెళ్లేసరికి మంచు విడిచి ఎండ వచ్చేసింది. రోజూ నాతో నడిచే ఇద్దరూ అప్పటికే చాయ్ తాగి వెళ్లిపోయారు. ఇంటికి తిరిగి వస్తే, వారమంతా ఇంజినీరింగ్ హాస్టల్ అన్నం తిని ఆదివారం మటన్ కూర కోసం మా ఇంటికి వచ్చే మా అక్క కొడుకు సోఫాలో అడ్డంగా పడుకుని ఫోను చూస్తున్నాడు.

"రాత్రి మ్యాచ్ చూసినవా రా?" అని అడిగాను.

"చూసిన మామా, ఇప్పుడే బస్సుల చూసిన."

రెండు గంటల మ్యాచ్‌ను అరగంట బస్సు ప్రయాణంలో ఎట్లా చూశావంటే ఫోను నా వైపు తిప్పాడు. గోల్స్ అన్నీ కలిపి నిమిషన్నర వీడియో. అందులోనూ బంతి గోలు పోస్టు దగ్గరికి చేరేదాకా ఓపిక లేక, బొటనవేలితో వీడియో కింది గీతను కొంచెం ముందుకు జరుపుతున్నాడు. వాడికి ఫుట్‌బాల్ తెలియదని మాత్రం అనలేను. ఏ ఆటగాడు ఏ క్లబ్బు నుంచి ఏ క్లబ్బుకు ఎంత ధరకు వెళ్లాడో, వీడియో గేములో ఎవరి వేగానికి ఎన్ని మార్కులో నాకంటే బాగా చెబుతాడు. మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా కూర్చుని ఈ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు చూశావంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

ఇది మా ఇంటి ముచ్చటే కాదు. 2021 ఏప్రిల్‌లో యూరప్ పెద్ద క్లబ్బులతో సూపర్ లీగ్ పెట్టాలన్న ప్రతిపాదన తెచ్చినప్పుడు స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ అధ్యక్షుడు ఫ్లోరెంటినో పెరెజ్, కుర్రవాళ్లకు ఆసక్తి తగ్గుతున్నదని, మ్యాచ్‌లు వాళ్లకు మరీ పొడవుగా అనిపిస్తున్నాయని బహిరంగంగానే అన్నాడు. బార్సిలోనా క్లబ్బుకు ఆడిన జెరార్డ్ పీకే 2023లో ఏడుగురేసి ఆటగాళ్లతో, నలభై నిమిషాల మ్యాచ్‌లతో కింగ్స్ లీగ్ మొదలుపెట్టాడు. సరుకు అమ్ముడుపోకపోతే పొట్లం చిన్నది చేయడం వ్యాపారి లక్షణం కనుక వాళ్లను తప్పుపట్టను గానీ, పొట్లంలోంచి ఏది తీసేస్తున్నారన్నదే నా బెంగ.

అన్నం తింటూ వాడికి 1990 సంగతి చెప్పాను. కాజీపేట రైల్వే క్వార్టర్‌లో మాకు బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. ఇటలీ ప్రపంచ కప్పు తొలి మ్యాచ్, అర్జెంటీనాతో కామెరూన్, మనకు రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైంది. డీజిల్ షెడ్డు నుంచి డ్యూటీ దిగి వచ్చిన మా బాపు చేతుల మీది గ్రీజు వాసన పోకముందే టీవీ ముందు కూర్చున్నాడు, నేను డాబా మీద యాంటెనా పట్టుకుని "వచ్చిందా?" అని అరుస్తూ, బొమ్మ కుదిరాక కిందికి ఉరికి వచ్చేవాణ్ణి. గంట దాకా గోలు లేదు. అరవై ఒకటో నిమిషంలో కామెరూన్ ఆటగాడు కానా బియిక్‌కు రెడ్ కార్డు చూపించి బయటికి పంపారు. పదిమందే మిగిలారు, ఎదురుగా మారడోనా. ఆరు నిమిషాల తర్వాత అదే కానా బియిక్ తమ్ముడు ఒమామ్ బియిక్ గాలిలోకి లేచి తలతో కొట్టిన బంతి గోల్‌కీపర్ చేతుల కిందనుంచి జారి లోపలికి పోయింది. చివరికి తొమ్మిదిమందితో మిగిలి కూడా కామెరూన్ 1-0తో గెలిచింది. ఆ గోలు ఇప్పటికీ ఫోనులో పది సెకన్లలో దొరుకుతుంది. దొరికేది గోల్‌కీపర్ తప్పిదం మాత్రమే. అన్న తల వంచుకుని వెళ్లిపోయాక తమ్ముడు ఎగిరిన ఆ ఎగురు కావాలంటే, ఏమీ జరగని ఆ ఆరు నిమిషాలు కూర్చోవాలి.

"అయితే మామా, నీకు అప్పుడు ఫోన్ లేదు కద" అన్నాడు వాడు, ముక్క కొరుకుతూ. నిజం చెప్పాలంటే రాత్రి నేను కూడా రెండో సగంలో రెండుసార్లు వాట్సాప్ చూశాను. వాడితో ఆ మాట అనలేదు.

వాడి వైపు న్యాయం మరొకటి ఉంది. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌తో ఆడినప్పుడు వీడు పదో తరగతి. పరీక్షల పుస్తకం ఒళ్లో బోర్లించి, ఎనభై ఎనిమిదో నిమిషంలో మన సాహిల్ తవోరా స్కోరు సమం చేసేదాకా, ఆపైన అదనపు సమయం, ఆపైన మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపేదాకా నీళ్లకు కూడా లేవలేదు. మన ఊరి జట్టు అనుకున్నది కప్పు తెచ్చింది. కోచ్ రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన కథలను బాపు నోట విన్న నాకు, ఇన్నేళ్లకు వీడికీ ఒక కథ దొరికిందనిపించింది. ఈ ఏడాది ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. లీగ్ సీజనేమో డిసెంబరు సగం దాటినా మొదలు కాలేదు. ఈ నెల 13న మెస్సీ ఉప్పల్‌కు వస్తే మాత్రం వీడూ వీడి స్నేహితులూ పాకెట్ మనీ అంతా పెట్టి హనుమకొండ నుంచి బస్సెక్కి వెళ్లి చూసి వచ్చారు. జట్టు లేని చోట పిల్లలు మనిషినే చూస్తారు.

సాయంత్రం వాడి బలవంతం మీద టర్ఫ్‌కు, అంటే అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానానికి, వెళ్లాను. గంటకింతని డబ్బులు పోగేసుకుని, లైట్ల కింద ఐదుగురేసి ఆడుతున్నారు. వల అవతల తమ వంతు కోసం ఇంకో రెండు జట్లు బూట్లు కట్టుకుంటున్నాయి. చూడటం మానేసిన పిల్లలు ఆడటం మానలేదన్నమాట. నా చేతిలో తన ఫోను పెట్టి, "మామా, గోలు పడ్డప్పుడు వీడియో తియ్యి" అని లోపలికి పరుగెత్తాడు. గోలు ఎప్పుడు పడుతుందో ముందుగా తెలిసేది ఎట్లా? మొదటి నుంచీ తీస్తూ నిలబడ్డాను. ఇరవై నిమిషాలకు ఫోనులో జాగా నిండి వీడియో ఆగిపోయింది. ఆ తర్వాత కాసేపటికి వాడు ఎడమ కాలితో ఒక చక్కటి గోలు వేశాడు, నేను కళ్లారా చూశాను.

"తీసినవా?" అంటూ చెమటలతో వచ్చాడు.

"గోలు తప్ప అంతా ఉందిరా" అన్నాను.