తూము లేని కట్ట

అమెరికాలోని పెన్సిల్వేనియాలో, 1889లో చెరువు కట్ట తెగి వచ్చిన జాన్స్‌టౌన్ వరద స్మారక స్థలానికి వెళ్తున్నామంటే చెరువు చూడబోతున్నాం అనుకుంది మా ఆవిడ. తీరా వెళ్తే నీళ్లే లేవు. లోయ నిండా గడ్డీ చెట్లూ, అడుగున వాగు, రైలు పట్టాలు. అటొకటి ఇటొకటి మట్టికట్ట మొండి చివరలు. మధ్యలో గండి.

కట్ట కొసన నిలబడితే గానీ 72 అడుగుల ఎత్తంటే ఎంతో తెలియలేదు. పడవల కాలువకు నీళ్లివ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం కట్టింది, 1853లో పూర్తయింది. ఈలోగా రైలు వచ్చి కాలువకు పని లేకుండా పోయింది. చేతులు మారి మారి 1879లో పిట్స్‌బర్గ్ ధనవంతుల క్లబ్బుకు దక్కింది. ఉక్కు పరిశ్రమ కుబేరులు కార్నెగీ, ఫ్రిక్ అందులో సభ్యులు. వేసవిలో పడవ షికార్లు, చేపల వేట.

నాకు ఎంతకీ మింగుడుపడనిది తూము సంగతి. కట్ట అడుగున ఉండే ఇనప గొట్టాలను అంతకుముందు యజమాని పీకించి పాత ఇనుముకు అమ్మేశాడు. క్లబ్బువాళ్లు మళ్లీ పెట్టించలేదు. ఇక నీటిమట్టం దించాలంటే దారే లేదు, పొంగితే పోవడానికి అలుగు ఒక్కటే దిక్కు. దానికీ చేపలు కొట్టుకుపోకుండా జాలీలు బిగించారు. చేపల కోసం! బగ్గీలు ఎదురెదురుగా పోవాలని కట్ట పైభాగం చెక్కి వెడల్పు చేశారు, ఎత్తు ఆ మేరకు తగ్గింది. దిగువన ఇనుము కంపెనీ నడిపే డానియల్ మోరెల్ తన ఇంజనీరుతో కట్టను చూపించి, బాగుచేయించండి, ఖర్చులో కొంత మేం పెట్టుకుంటాం అన్నాడు. మీకు ఏ ప్రమాదమూ లేదని క్లబ్బు నుంచి జవాబొచ్చింది.

1889 మే 31న, రాత్రంతా కురిసిన వానకు చెరువు నిండింది. జాలీలు తీయించడానికి మొదట తటపటాయించారు. తీయబోయేసరికి కొమ్మలూ చెత్తా అడ్డంపడి అవి ఊడిరాలేదు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో కట్ట తెగింది. 14 మైళ్ల కిందున్న జాన్స్‌టౌన్‌కు నీళ్లు చేరడానికి గంట కాస్త అటూ ఇటూ పట్టింది. చనిపోయినవాళ్లు 2,209 మంది. కోర్టుల్లో క్లబ్బు మీద ఒక్క కేసూ నిలవలేదు.

సాయంత్రం ఊరి పైనున్న గ్రాండ్‌వ్యూ శ్మశానానికి వెళ్లాం. గుర్తు తెలియని 777 మందికి పేర్లు లేని తెల్ల రాళ్లు వరసలు వరసలుగా ఉన్నాయి. మా ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడో వరసలో ఆపేసింది.